ఇంజన్ దించే ముందు

హైదరాబాద్ శివార్లలో, బొల్లారానికీ యాప్రాల్‌కూ దగ్గర్లో కౌకూర్ ఉంది. ఒకవైపు కంటోన్మెంటు, ఇంకోవైపు హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, మధ్యలో దర్గా, ఈమధ్య లేచిన అపార్ట్‌మెంట్లు. ఆ అపార్ట్‌మెంట్లు లేవడానికి కావలసిన టైల్సు, సెంట్రింగ్ రేకులు, ఇనుప చువ్వలు మోసేవి పికప్ బండ్లే. లేచాక అందులో దిగేవాళ్ల బీరువాలు, మంచాలు మోసేవీ అవే. తెల్లవారుజామున శామీర్‌పేట వైపు నుంచి కూరగాయలు ఎత్తుకుని బోయినపల్లి మార్కెట్‌కు పోయేవీ అవే. బొలేరో ట్రక్కు కావచ్చు, టాటా ఏస్ కావచ్చు. చాలా బండ్లకు ఓనరూ డ్రైవరూ ఒక్కరే. నెలనెలా ఫైనాన్స్ వాయిదా తప్పదు. అలాంటి మనిషితో ఒకరోజు మేస్త్రీ "అన్నా, ఇంజన్ అయిపోయింది, మార్చుడే" అన్నాడనుకోండి. అప్పుడేం చేయాలి? ఈ పూట మాట్లాడబోయేది దాని గురించే.

ఇంజన్ అయిపోయిందని మేస్త్రీకి ఎలా తెలుస్తుంది? బండి స్టార్టింగులో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, ఆ రంధ్రానికి అరచెయ్యి అడ్డం పెడతాడు. లోపల్నుంచి గాలి బుస్సు బుస్సుమని చేతిని తోస్తుంటే "బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది" అంటాడు. పిస్టన్ పైన మండాల్సిన గ్యాసు, అరిగిపోయిన రింగుల పక్క నుంచి జారి కింద ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతోందని దాని భావం. వెనక సైలెన్సర్‌లో నీలం పొగ వస్తోందంటే ఆయిల్ పైకెక్కి మండిపోతోందన్నమాట. ఇంక లోడు మీద బండి గుంజదు. మేడ్చల్ హైవే ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేరుకు దిగాల్సిందే.

అక్కడ నాలుగు మాటలు పుడతాయి. బోరు చేయించి పిస్టన్లు, రింగులు కొత్తవి వేద్దామని ఒకరంటారు. హెడ్ మనదే ఉంచుకుని కంపెనీ నుంచి హాఫ్ ఇంజన్ తెప్పిద్దామని ఇంకొకరు. అదే మోడల్ ఇంజన్ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది, దించి ఎక్కిస్తే ఒక్క పూట పని అని మూడో మనిషి. నాలుగో ఆయన టీ తాగుతూ నెమ్మదిగా అంటాడు: "ఎట్లాగూ దించుతున్నం కదన్నా, దానికన్నా పెద్దదే ఎక్కిద్దాం. బండి గాల్లో పోతది." అసలు చిక్కు ఈ నాలుగో మాటతోనే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పొట్టకూటి కోసం నడిపే బండిలో వేరే జాతి ఇంజన్ ఎక్కించడం ఈ రోజుల్లో దండగ పని. మన మేస్త్రీలకు చేతకాక కాదు. చేయగలరు, ఒకప్పుడు బ్రహ్మాండంగా చేశారు కూడా.

ఆ ఒకప్పటి సంగతి ఈ చుట్టుపక్కల వాళ్లకు బాగా తెలుసు. కంటోన్మెంటు పక్కన బతికిన ఊళ్లలో మిలిటరీ డిస్పోజల్ అనే మాట తెలియనివాళ్లుండరు. సైన్యం వాడి పక్కన పెట్టిన బండ్లు వేలానికొచ్చేవి. వాటిలో రాజు జోంగా. జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి ముప్ఫై ఏళ్ల పాటు తయారైన బండి అది. జపాన్ నిస్సాన్ కంపెనీ 'పాట్రోల్' అనే మోడల్‌కు మన దేశపు రూపం. దాని అన్నగారు వన్ టన్ ట్రక్కు, అచ్చంగా మిలిటరీ పికప్పే. ఈ జోంగాలో ఉండేది ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, 3956 సీసీ, సుమారు 110 హార్స్ పవర్. కొండలెక్కడానికి దానికి తిరుగులేదు. అయితే సైన్యం లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందని లెక్కపెట్టదు. వేలంలో కొన్న మనిషి లెక్కపెట్టుకోకపోతే ఇల్లు గడవదు. కొన్న వారానికే ఆ పెట్రోల్ ఇంజన్ చైన్ పుల్లీ మీద వేలాడేది. దాని స్థానంలో జీపుల్లో వచ్చే ప్యూజో డీజిల్ ఇంజనో, మెటాడోర్ వ్యాను ఇంజనో ఎక్కేది. మెటాడోర్‌లో ఉన్నది మెర్సిడెస్ డిజైన్ ఇంజన్ మరి, ఆ బండి పొగ చూసి ఎవరూ నమ్మరు గానీ! చివరికి జబల్‌పూర్ వాళ్లే 1996లో డీజిల్ ఇంజన్ పెట్టి కొన్ని జోంగాలను జనానికి అమ్మారు. షెడ్లలో మేస్త్రీలు ఎప్పటినుంచో చేస్తున్న పనిని ఫ్యాక్టరీ ఆలస్యంగా చేసిందన్నమాట.

నిజానికి ఇంజన్ మార్పిడి షెడ్డులో పుట్టిన దొంగ విద్యేం కాదు. పెద్ద పెద్ద కంపెనీలే దాన్ని పుట్టించాయి. మహీంద్రా వాళ్లు 1970ల్లో తమ పెట్రోల్ జీపుకు డీజిల్ కావాలనుకున్నప్పుడు, తమ ఇంటర్నేషనల్ ట్రాక్టర్ వంశానికి చెందిన ఇంజన్నే తెచ్చి పెట్టారు. జీపు నడుస్తుంటే ట్రాక్టర్ చప్పుడు రావడం అందుకే. తర్వాత ఫ్రాన్స్ నుంచి ప్యూజో వచ్చింది. అంబాసిడర్‌కు 1990ల మొదట్లో జపాన్ ఇసుజు ఇంజన్ వచ్చింది. అంతకుముందు, ఇంగ్లండులో పెర్కిన్స్ కంపెనీ పెట్రోల్ లారీలను డీజిల్‌కు మార్చేందుకు పీ6 ఇంజన్లను ప్రత్యేకంగా అమ్మింది. మద్రాసు సింప్సన్ వాళ్లు ఆ పెర్కిన్స్ ఇంజన్లను మన దగ్గర తయారు చేశారు. అమెరికాలోనైతే రొట్టెలు, చిప్స్ ప్యాకెట్లు మోసే వ్యాన్ల నుంచి కమిన్స్ 4బీటీ అనే నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఊడదీసి పికప్పుల్లో బిగించుకోవడం ఒక పెద్ద సరదా. వాళ్లకది ఆదివారం పూట కాలక్షేపం. మనవాళ్లకు డీజిల్‌కూ పెట్రోల్‌కూ ఉన్న ధరల తేడా నేర్పిన విద్య.

ఇప్పుడు కాస్త బోనెట్ కింద చూద్దాం. ఇంజన్ మార్చడమంటే నాలుగు బోల్టులు విప్పి, నాలుగు బోల్టులు బిగించడం అనుకుంటారు. అదే మోడల్ ఇంజన్ అయితే ఆ మాటలో చాలావరకు నిజముంది. వేరే ఇంజన్ అయితే పని మొదలయ్యేదే బోల్టుల దగ్గర. ఇంజన్ వెనక గేర్ బాక్సు కూర్చునే గంట ఆకారపు గూడు ఉంటుంది, బెల్ హౌసింగ్ అంటారు. ఒక కంపెనీ ఇంజన్ మీది బోల్టు రంధ్రాలు ఇంకో కంపెనీ గేర్ బాక్సుకు సరిపోవు. మధ్యలో ఒక మందపాటి ఇనుప పలక కావాలి. దాన్ని బాలానగర్‌లో ఏ లేతు దగ్గరో తిప్పిస్తారు. ఒక ముఖానికి ఇంజన్ రంధ్రాలు, రెండో ముఖానికి గేర్ బాక్సు రంధ్రాలు. చూడ్డానికి తేలిక. కానీ ఇంజన్ క్రాంకు కేంద్రమూ, గేర్ బాక్సు ముందు షాఫ్టు కేంద్రమూ ఒకే గీత మీద ఉండాలి. తేడా ఐదు తౌలు దాటకూడదని లేతు పనివాడు అంటాడు. తౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఐదు తౌలంటే మన తల వెంట్రుకలు రెండు పక్కపక్కన పెడితే ఎంతో, ఇంచుమించు అంత. దీన్ని డయల్ గేజీ పెట్టి, క్రాంకు చుట్టూ తిప్పి చూసుకోవాలి. గేజీ ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే పలక మళ్లీ లేతు ఎక్కాలి. చూడకుండా బిగిస్తే ఏమవుతుంది? బండి ఆ రోజు బాగానే కదులుతుంది. కొన్నాళ్లకు క్లచ్ ప్లేటు మధ్య భాగం చీలుతుంది, గేర్ బాక్సు ముందు బేరింగు గోల పెడుతుంది. క్లచ్ ప్లేటు నాసిరకమని షాపువాణ్ణి తిడతాం.

ఇంజన్ కూర్చునే చోటూ మారుతుంది. ఆరు సిలిండర్ల పొడవైన ఇంజన్ తీసి నాలుగు సిలిండర్లది పెడితే, ఫ్యానుకూ రేడియేటర్‌కూ మధ్య మూర దూరం వస్తుంది. అంత దూరంలో ఉన్న ఫ్యాను ట్రాఫిక్‌లో రేడియేటర్‌ను చల్లార్చలేదు. రేడియేటర్‌ను వెనక్కి జరపాలి, లేదా ఫ్యానును ముందుకు తేవాలి. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే బండి అయితే ముందు హౌసింగు సరిగ్గా ఆయిల్ ఛాంబర్ కిందికొస్తుంది. గుంతలో పడ్డప్పుడల్లా ఛాంబర్‌కు తగులుతుంది. అందుకని ఛాంబర్ కోసి, వేరే ఆకారంలో వెల్డింగు చేస్తారు. మౌంటింగుల కోసం చాసిస్‌కు కొత్త బ్రాకెట్లు పడతాయి. డీజిల్ ఇంజన్ వణుకు ఎక్కువ. ఆ బ్రాకెట్ వెల్డింగు సరిగా లేకపోతే పగులు అక్కడే మొదలవుతుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది బ్రేకుల గురించి. ఇది చాలామందికి తట్టదు. పెట్రోల్ ఇంజన్ గాలి పీల్చే దారిలో థ్రాటిల్ అనే అడ్డు ఉంటుంది. అందువల్ల లోపల వ్యాక్యూమ్ పుడుతుంది. బ్రేకు పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బూస్టర్ ఆ వ్యాక్యూమ్ మీదే పనిచేస్తుంది. పాత డీజిల్ ఇంజన్లలో ఆ అడ్డు లేదు, కాబట్టి వ్యాక్యూమ్ లేదు. దానికోసం కంపెనీవాళ్లు డైనమో వెనకో మరోచోటో ఒక వ్యాక్యూమ్ పంపు పెడతారు. ఇంజన్ మార్చినవాడు ఆ పంపు మర్చిపోయాడా, పెడల్ బండరాయిలా గట్టిపడుతుంది. లోడుతో తూంకుంట దగ్గర రాజీవ్ రహదారి మీద వస్తున్న బండికి ఇది జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంక స్పీడు లెక్క. వెనక హౌసింగులో క్రౌనూ పినియనూ ఉంటాయి. ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరగాలో అవి తేలుస్తాయి. ఆ పళ్ల లెక్క పాత ఇంజన్‌ను చూసి పెట్టింది. నిమిషానికి 4000 చుట్లు తిరిగే పెట్రోల్ ఇంజన్‌తో ఆ బండి గంటకు 100 కిలోమీటర్లు పోయేదనుకుందాం. 2800 చుట్ల దగ్గర ఆగిపోయే డీజిల్ ఇంజన్ పెడితే, అదే క్రౌను మీద అది 70 దాటదు. ఎంత తొక్కినా అంతే. బండి గాల్లో పోతుందన్న ఆ నాలుగో పెద్దమనిషి దీని గురించి మాట్లాడడు. క్రౌను కూడా మారుద్దామంటే హౌసింగు, షాఫ్టు పొడవు, స్పీడోమీటర్ అన్నీ కదులుతాయి. ఖర్చు అక్కడ తెగదు.

ఇదంతా పాత ఇంజన్ల కథ. ఆ ఇంజన్లకు డీజిల్ పైపు ఒకటి, ఇంజన్ ఆపే తీగ ఒకటి ఇస్తే నడిచేవి. టాటా 407లో వచ్చిన 497 ఇంజన్నే తీసుకోండి. నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. పేరులోనే జాతకమంతా ఉంది, ఏ ఊళ్లోనైనా మరమ్మతు చేయగలరు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చినవి మాత్రం బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లు. వాటి ఇంజన్‌కు కంప్యూటర్ కావాలి, ఆ కంప్యూటర్‌కు పదుల కొద్దీ సెన్సర్ల కబురు కావాలి, పొగను వడకట్టే ఫిల్టరూ ఉండాలి. ఒక్క వైరు అందకపోయినా ఇంజన్ బలం తగ్గించుకుని నత్తనడక నడుస్తుంది. ఇలాంటి ఇంజన్‌ను ఊడదీసి ఇంకో బండిలో పెడితే ఇనుము కూర్చుంటుంది గానీ, బుద్ధి కూర్చోదు.

సరే, మేస్త్రీ మొనగాడు, ఇవన్నీ దాటాడనుకుందాం. అప్పుడు చట్టం ఎదురవుతుంది. ఆర్‌సీ పుస్తకం మీద రెండు నంబర్లుంటాయి, చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు. మోటారు వాహనాల చట్టం 1988లోనిది. దాని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేట్టు ఓనరు బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా చదివి వినిపించింది. ఆ ఏడాదే చట్టానికి చేసిన సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంటే పెద్ద ఇంజన్ ఒక మార్పు, దానికోసం కోసిన చాసిస్ ఇంకో మార్పు. లెక్క మీరే వేసుకోండి.

అలాగని అయిపోయిన ఇంజన్‌ను మార్చనే కూడదని చట్టం అనలేదు. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అయితే దారుంది. పదికి తగ్గకుండా రవాణా బండ్లున్న ఓనర్లకు, ముందస్తు అనుమతి లేకుండానే అదే రకం ఇంజన్ మార్చుకునేలా రాష్ట్ర ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వవచ్చు. అలా మార్చాక పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఒక్క బండి ఉన్న మన కౌకూర్ తమ్ముడికి ఆ వెసులుబాటు లేదు. ఆయన ముందే ఆర్టీఏ ఆఫీసుకు పోవాలి. ఒకటీ అరా బండ్లున్నవాడే ఎక్కువసార్లు తిరగాల్సి రావడం న్యాయం కాదని నాకనిపిస్తుంది, కానీ ఉన్నది అదీ. ఇంజన్ కొన్న బిల్లు, ఇన్సూరెన్సు, ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వకమైన ఒప్పుకోలు తీసుకెళ్లాలి. వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి, నంబరు సరిపోల్చాక ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కుతుంది.

ఈ తిరుగుడు ఎందుకని చాలామంది వదిలేస్తారు. బండి నడుస్తోందిగా అంటారు. యాక్సిడెంటు జరిగిన రోజున ఇన్సూరెన్సు సర్వేయరు టార్చిలైటు పట్టుకుని ఇంజన్ బ్లాకు మీద వంగుతాడు. అక్కడ చెక్కి ఉన్న నంబరూ ఆర్‌సీలో నంబరూ వేరైతే, క్లెయిమ్ అక్కడే చిక్కుపడుతుంది. అవతలివాళ్లకు దెబ్బలు తగిలాయంటే ఆ చిక్కు ఏళ్లపాటు కోర్టులో నలుగుతుంది. సెకండ్‌హ్యాండ్ ఇంజన్‌తో ఇంకో గండం కూడా ఉంది. అది యాక్సిడెంటులో తుక్కయిన బండిదైతే పర్వాలేదు. దొంగ బండిదైతే పోలీసులు మీ షెడ్డుకొస్తారు. నంబరు ఉండాల్సిన చోట గ్రైండింగ్ చేసి, తళతళలాడుతోందంటే ఇంక ఆలోచించాల్సిన పనే లేదు.

మరి ఇంజన్ మార్చి బండిని నిజంగా వేరే బండిగా చేసుకునే దారి చట్టంలో ఎక్కడా లేదా? ఉంది. 2022 ఆగస్టులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. మూడున్నర టన్నుల లోపు బీఎస్-6 బండ్లలో డీజిల్ ఇంజన్ తీసేసి సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ ఇంజన్ పెట్టుకోవచ్చు, ఆమోదం పొందిన ఇంజనూ కిట్టూ అయితేనే. మన పికప్పులు చాలావరకు ఆ మూడున్నర టన్నుల లోపలివే. గ్యాసు సంగతంటారా, భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల మదర్ స్టేషన్ ఉన్నది శామీర్‌పేటలోనే, కౌకూర్‌కు ఎంతో దూరం లేదు. నాకున్న అభ్యంతరాలు ఇవి. సీఎన్‌జీ సిలిండర్ల బరువు లోడులోంచి పోతుంది. వాటికి మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. బంకు దగ్గర లైను ఎంతుందో చూసుకుని గానీ కిరాయి ఒప్పుకోలేం.

బ్యాటరీ దారి కూడా ఉంది. చట్టం దానికి ప్రత్యేకంగా చోటిచ్చింది. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్టే బిగించాలి. హైదరాబాద్‌లోనే పుట్టిన ఎట్రియో అనే సంస్థ పాత టాటా ఏస్‌ను విద్యుత్ బండిగా మార్చి చూపించింది. తర్వాత కొత్త ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటోల తయారీకి మళ్లింది. పాత బండి విప్పి మార్చడం కన్నా కొత్తది కట్టడమే లాభమని దానర్థం కావచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2020లో తెచ్చిన ఎలక్ట్రిక్ వాహన విధానంలో కూడా మార్పిడి ప్రోత్సాహకం ప్యాసింజర్ ఆటోలకు పెట్టారు. ఖర్చులో 15 శాతం, పదిహేను వేల రూపాయలకు మించకుండా, మొదటి 5000 ఆటోలకు. ఆ ప్రోత్సాహకంలో పికప్‌ల ఊసు లేదు. కాలుష్యం సంగతి పట్టించుకునేవాళ్లు మార్పిడి దగ్గరకొచ్చేసరికి సరుకు బండ్లను మరిచిపోవడం నాకు వింతగానే ఉంది.

ఇంకో మాట. ఇంజన్ ఎందుకు పోయిందో కనుక్కోకుండా కొత్తది ఎక్కిస్తే అదీ పోతుంది. టన్నున్నర మోయాల్సిన బండి మీద మూడు టన్నుల ఇసుక పోస్తే ఏ ఇంజనైనా నలిగిపోతుంది. రేడియేటర్ మూసుకుపోయిందేమో, ఎయిర్ ఫిల్టరు చినిగి కంకర దుమ్ము లోపలికి పోతోందేమో ముందు చూడండి. బోరుతో సరిపోయేదైతే బోరే చేయించండి. బ్లాకు పగిలిందా, క్రాంకు పోయిందా, అప్పుడు అదే రకం ఇంజన్ వెతకండి. బోల్టు విప్పే ముందే ఆర్టీఏలో, ఇన్సూరెన్సులో, ఫైనాన్స్‌లో అడగండి. రాతలో తీసుకోండి. కొనే ఇంజన్‌కు బిల్లు లేకపోయినా, నంబరు రుద్దేసినట్టు కనిపించినా ఎంత చౌకగా ఇస్తామన్నా కొనకండి. పని అయ్యాక కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కేవరకు లోడు పెట్టకండి.